రహీమ్ సాబ్, పి.కె., అమల్ దత్తా, నయీమ్: నలుగురు కోచ్‌లు, జీఎస్-4లో ఒక ప్రశ్న

పోయిన నెల నేను రాసిన ఒక మాక్ టెస్టులో ఈ ప్రశ్న వచ్చింది: "వివిధ నాయకత్వ శైలులను తగిన ఉదాహరణలతో పోల్చండి. 150 పదాలు, 10 మార్కులు." మీరూ ఇలాంటిది రాసే ఉంటారు. నేను ఏం రాశానో చెప్పక్కర్లేదు. గాంధీ, పటేల్, కలాం, కురియన్. నాలుగు పేర్లు, నాలుగు విశేషణాలు. పేపరు దిద్దినాయన పక్కన ఎర్ర సిరాతో ఒకే మాట రాశారు: "పోలిక ఎక్కడ?"

నిజమే. అది పోలిక కాదు, జాబితా. పోల్చాలంటే ఒకే పని చేసినవాళ్లు కావాలి. ఒకే లక్ష్యం, దాదాపు ఒకేలాంటి మనుషులు, గెలుపోటములు కళ్లముందు తేలిపోయే రంగం. ముఖ్యమంత్రిని, శాస్త్రవేత్తను పక్కపక్కన పెడితే ఎవరి శైలి పనిచేసిందో తేల్చలేం. అందుకే ఈసారి ఫుట్‌బాల్ కోచ్‌లను తీసుకున్నాను. మన హైదరాబాద్ మాస్టారు ఒకరు, ఆయన చేతికింద ఆడి తర్వాత కోల్‌కతాలో పేరు మోసిన కోచ్ అయినవారు ఒకరు, ఆయన ప్రత్యర్థి ఒకరు, మళ్లీ హైదరాబాద్ నుంచే ఇంకొకరు.

నేనుండేది సూరత్‌లో, లింబాయత్ దగ్గర. నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ ఊళ్లో గల్లీగల్లీకీ క్రికెట్టే, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ. ఇంజినీరింగ్‌లో హాస్టల్ జట్టుకు రెండేళ్లు లెఫ్ట్ బ్యాక్ ఆడాను, అంతే నా అనుభవం. ఈ వ్యాసానికి కారణం ఆట మీద ప్రేమ కంటే ఆ ఎర్ర సిరా అనే ఒప్పుకుంటాను.

ముందు సిద్ధాంతం రెండు ముక్కల్లో

కర్ట్ లెవిన్ 1939లో తన సహచరులు లిప్పిట్, వైట్‌లతో కలిసి పిల్లల క్లబ్బుల మీద ప్రయోగాలు చేసి మూడు రకాల నాయకత్వాన్ని చెప్పారు: నిరంకుశ, ప్రజాస్వామిక, జోక్యం చేసుకోని పద్ధతి. హెర్సీ, బ్లాంచర్డ్ 1969లో 'పరిస్థితిని బట్టి నాయకత్వం' అన్నారు. అంటే కింద ఉన్నవాడికి ఎంత పని వచ్చు, ఎంత ఇష్టం ఉంది అన్నదాన్ని బట్టి నాయకుడు తన పద్ధతి మార్చుకోవాలి. జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ 1978లో లావాదేవీ నాయకత్వానికీ, పరివర్తన నాయకత్వానికీ తేడా చూపించారు. ఈ మూడూ మీ నోట్స్‌లో ఉంటాయి. నేను చూడాలనుకున్నది ఇవి నిజం మనుషుల మీద ఎంతవరకు నిలబడతాయనేదే.

సయ్యద్ అబ్దుల్ రహీమ్: బడిపంతులు

1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. వృత్తి ఉపాధ్యాయుడు. కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి చోట్ల పాఠాలు చెప్పారు. అందుకే ఆటగాళ్లందరికీ ఆయన 'రహీమ్ సాబ్'. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలో ఉంది, చనిపోయేవరకూ ఉంది. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. అప్పట్లో కలకత్తా జట్లను కలకత్తా బయటివాళ్లు ఓడించడమంటే చిన్న విషయం కాదు.

ఇక్కడ కాసేపు చరిత్ర. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. మూడేళ్లు తిరక్కముందే, ఆ ఊరి బడిపంతులు భారత జట్టుకు కోచ్. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం. గోల్ కొట్టినది సాహూ మేవాలాల్, కెప్టెన్ శైలేన్ మన్నా. మన పాఠ్యపుస్తకాల్లో హైదరాబాద్ విలీనం అనగానే పోలీసు చర్య, పటేల్, మున్షీ, లాయక్ అలీ పేర్లు వస్తాయి. విలీనం తర్వాత మనుషులు ఎలా కలిశారు అన్నదానికి మాత్రం ఉదాహరణలు దొరకవు. మెయిన్స్‌లో 'స్వాతంత్ర్యానంతర ఏకీకరణ' వస్తే ఈ ఒక్క వాక్యం రాయండి, మిగతా వెయ్యి జవాబుల్లో ఉండదు.

ఇంకో తేదీ గుర్తుపెట్టుకోండి. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రాల్లో కలిసింది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లింది. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరామ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాద్ ఆటగాళ్లున్నారు. పటంలో రాష్ట్రం లేదు, జట్టులో ఊరు ఉంది.

ఈ గెలుపును మరీ పెద్దది చేసి రాయకండి. ఆసియా దేశం ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు చేరడం అదే మొదటిసారి, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టారు, ఇవన్నీ నిజం. కానీ హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండు మనకు ఆడకుండానే వచ్చింది. (బుడాపెస్ట్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చింది ఆ నవంబర్‌లోనే.) మొత్తం టోర్నీలో మనం గెలిచింది ఒక్క మ్యాచే. సెమీస్‌లో యుగోస్లావియా మీద ముందు మనమే గోల్ కొట్టి, చివరికి 4-1తో ఓడాం. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడాం. నాలుగో స్థానం.

అయినా యుగోస్లావియాతో 4-1 అన్న అంకెను నాలుగేళ్ల కిందటి అంకె పక్కన పెట్టి చూడండి. 1952 హెల్సింకిలో అదే యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. అప్పుడూ కోచ్ రహీమే. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఫిన్లండ్ చలి, తడి మైదానం, ఎదురుగా బూట్లేసుకున్న యూరప్ జట్టు. నాకు ఆయన నాయకత్వం జకార్తా స్వర్ణంలో కంటే ఈ నాలుగేళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. పది గోల్స్ తిన్న కోచ్‌కు రెండు దారులుంటాయి. ఒకటి, చలిని, బూట్లను, సమాఖ్యను తిట్టుకోవడం. రెండు, మనం ఆడుతున్న ఆటే పాతబడిందని ఒప్పుకోవడం. ఆ ఓటమి తర్వాత జాతీయ స్థాయిలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూట్లు వేయడం తేలికే, అలవాటు మార్చడం కష్టం. వట్టి కాళ్లతో ఆడేవాడు బంతిని కాలికి అంటించుకుని ఒంటరిగా దూసుకెళ్తాడు. చూడ్డానికి బాగుంటుంది, జనం ఈలలు వేస్తారు. రహీమ్‌కు కావలసింది అది కాదు, త్వరగా పాస్ ఇచ్చి ఖాళీలోకి పరిగెత్తడం.

దీనికి ఆయన ఏం చేశారో చూడండి, ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. ఉపన్యాసాలివ్వలేదు. ఆట నియమాలు మార్చి పోటీలు పెట్టించారు. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని ఒక పోటీ. డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలని ఇంకో పోటీ. ఇక కుర్రాడు వద్దన్నా ఎడమ కాలు వాడతాడు, వద్దన్నా పాస్ ఇస్తాడు. బడిపంతులు పద్ధతి ఇది. "ఎక్కాలు నేర్చుకోండి" అని వంద సార్లు చెప్పే బదులు, ఎక్కాలు రాకపోతే గెలవలేని ఆట పెట్టాడు. పరిపాలన భాషలో చెప్పాలంటే ప్రవర్తన మారాలని ఆదేశం ఇవ్వలేదు, ప్రోత్సాహకాలను మార్చారు.

బలరామ్ సంగతి కూడా చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు, పేద ఇల్లు. క్యాంపుకు రోజూ వచ్చిపోయే ఖర్చు తన వల్ల కాదంటే, సైకిలు అద్దె తానే ఇస్తానని రహీమ్ అన్నారని బలరామ్ పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ వెళ్లారు, 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. మన పేపర్లలో 'సానుభూతి' అని నిర్వచనం రాస్తాం కదా, దానికి ఉదాహరణగా సైకిలు అద్దె రాయండి, చాలు.

జకార్తా, 1962

ఇది వివరంగా రాస్తాను. జీఎస్-2కూ, జీఎస్-4కూ రెండిటికీ పనికొస్తుంది.

నాలుగో ఆసియా క్రీడలు ఇండోనేషియాలో. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. ఆసియా క్రీడల సమాఖ్యలో పెద్దగా ఉన్న భారతీయుడు జి.డి. సోంధీ దీన్ని తప్పుపట్టారు, ఈ పోటీలకు ఆసియా క్రీడలన్న పేరే ఉండకూడదన్నారు. ఇక జకార్తా మండిపోయింది. సెప్టెంబర్ 3న మన దౌత్య కార్యాలయం మీద గుంపు దాడి చేసింది. ఫైనల్ ఆ మర్నాడే, సెప్టెంబర్ 4న. (తర్వాత సుకర్ణో 'గానెఫో' పేరుతో వేరే క్రీడలే పెట్టారు, 1963లో. ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి.)

జట్టు పరిస్థితి చూడండి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. కానీ థాయిలాండ్ మ్యాచ్‌లో మన ముఖ్య డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు ఫ్లూ. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం.

రహీమ్ ఏం చేశారంటే, తలకు కుట్లున్న డిఫెండర్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఇంజినీరింగ్ బుర్రకు ఇది మొదట అర్థం కాలేదు. గోడకు వాడే ఇటుకను తీసుకెళ్లి చక్రంలో పెట్టడం లాంటిది. కానీ జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవారే, మనిషి ఎత్తు, బలం. ఎదుటివాళ్లు ఆయన్ని అక్కడ ఊహించరు. సెమీస్ 3-2తో గెలిచాం, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. ఈసారి తంగరాజ్ తిరిగి గోల్‌లోకి వచ్చారు. దాదాపు లక్ష మంది జనం, వాళ్లంతా మనకు వ్యతిరేకం. మొదటి 20 నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. చివర్లో కొరియా ఒక గోల్ కొట్టింది. 2-1. స్వర్ణం. కెప్టెన్ చునీ గోస్వామి.

ఇక్కడ మా నాన్న కార్ఖానా గుర్తొస్తుంది నాకు. వంద పవర్‌లూమ్‌లు ఒక్క షెడ్డులో తిరుగుతుంటే ఎవరి మాట ఎవరికీ వినపడదు. మాస్టర్ అరిచినా లాభం లేదు. షిఫ్టు మొదలయ్యేముందు చెప్పింది చెప్పాడు, ఆ తర్వాత చేతి సైగలే. లక్ష మంది అరుస్తున్న స్టేడియంలో కోచ్ పరిస్థితీ అంతే. మ్యాచ్ మొదలయ్యాక ఆయన చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఆయన నాయకత్వం ఏదైనా ఉంటే అది విజిల్ మోగకముందే అయిపోవాలి. ముందురోజు రాత్రి ఆటగాళ్లతో రహీమ్ మాట్లాడిన తీరును వాళ్లు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు. గొంతు పెంచలేదట. స్వర్ణాన్ని తనకు కానుకగా అడిగారట. అప్పటికే ఒంట్లో బాగాలేదు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఫైనల్ నాటికి ఇంకా పది నెలలు కూడా మిగల్లేదు.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. తలకు కుట్లు పడిన మనిషిని, అదీ తలతో బంతి కొట్టాల్సిన చోట, ఆడించడం సరైనదేనా? సినిమాలో చూస్తే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఈనాటి నియమాల ప్రకారం తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని డాక్టరు పరీక్షించి సరే అనేదాకా మైదానంలోకి పంపకూడదు. ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం బాగుంది అనుకుంటే మనం జీఎస్-4లో చదివిందంతా వృథా. జర్నైల్ తానే ఆడతానన్నారని అనుకుందాం. కోచ్ ముందు నిలబడి, దేశం కోసం అని అడుగుతుంటే, 'వద్దు' అనగలిగే స్వేచ్ఛ ఎంతమందికి ఉంటుంది? సమ్మతి ఉండటం వేరు, కాదనగలిగే వీలుండటం వేరు. రహీమ్ మీద నాకు గౌరవం చాలా ఉంది, కానీ ఈ ఒక్క నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటూ రాయలేను. ఆ కాలం ప్రమాణాలు వేరని రాస్తాను, అంతవరకే.

పి.కె. బెనర్జీ: మాటతో మందు

జకార్తా ఫైనల్లో మొదటి గోల్ కొట్టిన ప్రదీప్ కుమార్ బెనర్జీ, 1960 రోమ్‌లో మన కెప్టెన్. ఫ్రాన్స్‌తో 1-1 మ్యాచ్‌లో మన గోల్ ఆయనదే. రహీమ్ దగ్గర నేర్చుకున్నవారు. ఆట మానేశాక కోల్‌కతాలో కోచ్ అయ్యారు. 1972 నుంచి ఈస్ట్ బెంగాల్. 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద 5-0. ఆ స్కోరు గురించి కోల్‌కతాలో ఇప్పటికీ వాదించుకుంటారు. తర్వాత చిత్రంగా ఆయనే మోహన్ బగాన్‌కు వెళ్లారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో 2-2 డ్రా చేసిన మోహన్ బగాన్ కోచ్ ఆయనే.

ఆయన ఆయుధం మాట. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన చెప్పే మాటలకు బెంగాల్ పత్రికలు 'వోకల్ టానిక్' అని పేరు పెట్టాయి. మనిషిని బట్టి మందు. ఒకడికి వాళ్లమ్మ గుర్తు చేయాలి, ఒకడి రోషం రెచ్చగొట్టాలి, ఒకడిని భుజం మీద చేయివేసి పక్కకు తీసుకెళ్లాలి. రహీమ్ సాబ్ ఏడాది పొడవునా పోటీల రూపంలో చేసింది, పి.కె. ఆఖరి పావుగంటలో చేయగలిగేవారు. ఇది విమర్శ కాదు. క్లబ్ కోచ్‌కు కుర్రాళ్లు తయారై వస్తారు, వాళ్లకు నేర్పేది తక్కువ, వెలిగించేది ఎక్కువ.

అయితే టానిక్‌కు ఒక పరిమితి ఉంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. భారత జట్టు కోచ్. సొంత గడ్డ, సొంత జనం. క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 0-1. అప్పటికి పశ్చిమాసియా దేశాలు ఫుట్‌బాల్ మీద డబ్బు, శిక్షణ కుమ్మరిస్తున్నాయి. ఎదుటివాడు నాలుగేళ్లుగా చేస్తున్న సాధనను పావుగంట మాట భర్తీ చేయలేదు.

అమల్ దత్తా: తెలిసినవాడి అధికారం

అమల్ దత్తా కూడా భారత జట్టుకు ఆడినవారే, కానీ పేరు వచ్చింది కోచ్‌గా. సొంత ఖర్చుతో ఇంగ్లండ్ వెళ్లి కోచింగ్ కోర్సు చేసి వచ్చారు. తిరిగొచ్చి, ప్రొజెక్టర్ పెట్టి విదేశీ మ్యాచ్‌ల ఫిల్ములు కుర్రాళ్లకు చూపించేవారు. కోచింగ్‌ను పూర్తికాలం వృత్తిగా ఎంచుకోవడం అప్పట్లో మన దేశంలో తెగింపే. ఉద్యోగం ఉండి పక్కన ఆట చూసుకోవడమే అప్పటి పద్ధతి.

ఈయన నాయకత్వానికి ఆధారం జ్ఞానం. 'నాకు తెలుసు కాబట్టి వినండి' అనే రకం. దానితోపాటు నోరు కూడా పెద్దది. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ దీనికి పాఠ్యపుస్తకం. మోహన్ బగాన్‌కు అమల్ దత్తా, ఈస్ట్ బెంగాల్‌కు పి.కె. దత్తా 'డైమండ్' వ్యూహం తెచ్చారు, దూకుడుగా దాడి చేసే అమరిక. దాంతో మోహన్ బగాన్ ఎదురైన జట్లను చిత్తు చేస్తూ వచ్చింది. మ్యాచ్‌కు ముందు దత్తా ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ల పేర్లను వెక్కిరించారు. భైచుంగ్ భుటియాను 'చుంగ్ చుంగ్' అన్నారు, ఒమోలోను 'ఆమ్లెట్' అన్నారు. పి.కె. తిరిగి ఏమీ అనలేదు, అనక్కర్లేదు కూడా. టానిక్ సీసా ఎదుటివాళ్లే పంపించారు కదా!

జులై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో 1,31,781 మంది ప్రేక్షకులు. ఈస్ట్ బెంగాల్ 4-1. భైచుంగ్ హ్యాట్రిక్.

ఇక్కడితో ఆపేస్తే 'అహంకారం ఓడింది, ప్రేరణ గెలిచింది' అని ముచ్చటగా ముగించవచ్చు. చాలామంది అలాగే రాస్తారు. కానీ ఫైనల్ సంగతి? ఈస్ట్ బెంగాల్ ఫైనల్లో గోవా జట్టు సాల్గావ్‌కర్ చేతిలో ఓడింది. ఆవేశం ఒక మ్యాచ్‌కు సరిపోయింది. పైగా డైమండ్ వ్యూహం తప్పని ఆ ఒక్క ఓటమి తేల్చదు. దత్తా దగ్గర ఆలోచన ఉంది, మనుషుల మనసు చదవడం తక్కువైంది. మన ఆఫీసుల్లో ఇలాంటి అధికారులను చూడబోతాం. ఫైలు మొత్తం కంఠస్థం ఉంటుంది, కానీ గుమాస్తాను నలుగురిలో వెక్కిరిస్తారు. ఆ రోజు నుంచి ఆ గుమాస్తా ఏ ఫైలు ఎక్కడుందో మర్చిపోతాడు.

నయీముద్దీన్: గడియారం

సయ్యద్ నయీముద్దీన్ మళ్లీ మన హైదరాబాదే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన ఆఖరి పతకం అదే. కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించారు. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్నారు. ఆయన పేరు చెబితే గుర్తొచ్చేది క్రమశిక్షణ. సమయం, తిండి, నిద్ర, పరుగు, దేనిలోనూ సడలింపు లేదు. పెద్ద ఆటగాడికో లెక్క, కొత్త కుర్రాడికో లెక్క లేదు.

లెవిన్ పట్టికలో ఈయన్ని నిరంకుశ గడిలో పెట్టేయడం తేలిక. నాకు అది పూర్తిగా ఒప్పనిపించదు. అందరికీ ఒకే నియమం అన్నది నిరంకుశత్వం కంటే నిష్పాక్షికతకు దగ్గర. చిక్కల్లా, తారల జీతాలు పెరిగి, క్లబ్ యజమానులకు కోచ్ కంటే ఆటగాడు ముఖ్యమైన రోజుల్లో ఈ పద్ధతికి వెనక నిలబడే వ్యవస్థ ఉండాలి. అది లేకపోతే కఠినమైన కోచ్ సీజన్ మధ్యలో ఒంటరివాడవుతాడు. నిజాయితీపరుడైన కఠిన అధికారి బదిలీల సంగతి మనకు తెలియనిదా?

మరి పోలిక ఎక్కడ?

ఎర్ర సిరాకు ఇప్పుడు జవాబు రాయగలననుకుంటున్నా. నలుగురినీ నాలుగు గడుల్లో పెట్టకుండా ఒక్క ప్రశ్న అడిగాను: ఆటగాడి ప్రవర్తన మార్చడానికి ఈ కోచ్ దేన్ని పట్టుకున్నాడు? రహీమ్ సాధన నియమాలను పట్టుకున్నారు. పి.కె. భావోద్వేగాన్ని. దత్తా ఆలోచనను. నయీమ్ దినచర్యను. రెండో ప్రశ్న: కోచ్ వెళ్లిపోయాక ఎంతకాలం నిలిచింది? మాట ఆ సాయంత్రానికి, దినచర్య ఆ సీజన్‌కు, ఆలోచన అర్థం చేసుకున్నవాడు ఉన్నంతకాలం. సాధన ఒక తరానికి. రహీమ్ పోయాక 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలిచాం, 1970లో కాంస్యం, ఆ తర్వాత లేదు.

ఆ తరం ఎందుకు ఆగిపోయిందన్నది కోచ్ శైలితో తేలే విషయం కాదు, దీన్ని జవాబులో తప్పకుండా రాయండి. రహీమ్ వెనక హైదరాబాద్‌లో ఒక ఏర్పాటు ఉంది: పోలీసు ఉద్యోగం ఇచ్చే జట్టు, బడుల మధ్య పోటీలు, నగరం నిండా మైదానాలు. ఆయన అక్కడి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. అంటే కుర్రాడిని కనిపెట్టేదీ, ఉద్యోగం చూపించేదీ, పోటీ పెట్టేదీ, జాతీయ జట్టులో ఆడించేదీ దాదాపు ఒకే మనిషి. అది బలంలా కనిపిస్తుంది. నాకు మాత్రం బలహీనతలా కూడా కనిపిస్తుంది. నాలుగు పనులకు నలుగురు మనుషులు, ఒక కార్యాలయం ఉంటే ఒకాయన పోయినా మూడు నడుస్తాయి. ఇక్కడ ఒకాయన పోతే నాలుగూ ఆగాయి. ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఆయన మీద హిందీ సినిమా 'మైదాన్' వచ్చేసరికి 2024.

అభ్యాసానికి ఒక కేస్ స్టడీ ఇస్తున్నా, కామెంట్లలో కాదు, కాగితం మీద 20 నిమిషాలు పెట్టుకుని రాయండి:

మీరు జాతీయ జట్టు కోచ్. సెమీఫైనల్ రేపు. మీ ముఖ్య ఆటగాడి తలకు కుట్లున్నాయి. జట్టు డాక్టరు "ప్రమాదం తక్కువే, కానీ లేదని చెప్పలేను" అంటున్నాడు. ఆటగాడు ఆడతానని పట్టుబడుతున్నాడు. అతనికి బదులు ఉన్న కుర్రాడికి అంతర్జాతీయ అనుభవం లేదు. బయట జనం మన జెండా చూస్తేనే రాళ్లు వేస్తున్నారు, గెలుపు దేశ గౌరవం అని సమాఖ్య అధ్యక్షుడు ఫోన్ చేశాడు. మీ ముందున్న దారులేవి, ఒక్కోదానిలో మంచిచెడులేవి, మీరు ఏది ఎంచుకుంటారు, ఆ నిర్ణయాన్ని ఆ ఆటగాడికి ఏ మాటల్లో చెబుతారు? (250 పదాలు, 20 మార్కులు)